తొమ్మిది స్టేషన్లు దాటిన నంబర్

జూలై 7, 2025. సోమవారం. సాయంత్రం 6.30

నాయన రాత్రి పేపర్ కటింగ్ ఒకటి నా టిఫిన్ బాక్స్ మూత మీద పెట్టి పడుకున్నాడు. చేతికిస్తే చించేస్తానని తెలుసు. యూనివర్సిటీ వాళ్ళు పాత సిలబస్‌లో బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ళకు ఇంకొక్క చాన్స్ ఇస్తున్నారట. ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఆగస్టు 20. ఇదే చివరిది, ఇక మమ్మల్ని అడగొద్దు అన్నట్టు రాశారు.

నాకు మిగిలింది ఒక్క పేపర్. మ్యాథ్స్ ఐదోది. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది. ఆన్సర్లు తప్పయి కాదు, స్టెప్స్ రాయనందుకు. లెక్క నా తలలో జరిగిపోతుంది. జరిగిపోయినదాన్ని మళ్ళీ మొదటి నుంచి కాగితం మీద పెట్టాలంటే నాకు ఒళ్ళు మంట. చిత్తూరు కాలేజీలో ధనశేఖర్ సార్ అందరి ముందూ, ఆన్సర్ బాగానే ఉండాది గ్రేసీ, యాడ నుంచి వచ్చినాది, పక్కోడి పేపర్లోంచా అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆరేళ్ళయింది. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది.

ఇప్పుడు నాకు ఇరవై ఏడు. శ్రీ సిటీలో చార్జర్ బోర్డులు టెస్ట్ చేస్తాను. తెల్లారి 4.50కి కార్వేటినగరంలో కంపెనీ బస్సెక్కితే ఏడు గంటలకు లైన్ మీద ఉంటాను. పరీక్ష రాయనని సాయంత్రం నాయనకు చెప్పేద్దామనే ఎక్కాను. నాగలాపురం దాటాక బుద్ధి మారింది.

సార్ ఆఖరి రోజు బోర్డు మీద వేసిన లెక్క గుర్తొచ్చింది. 1 నుంచి 9 దాకా అంకెలు. ఒక్కోటి ఒక్కసారే వాడి తొమ్మిదంకెల నంబర్ చేయాలి. ఎడమ నుంచి మొదటి రెండంకెలు 2తో శేషం లేకుండా భాగం పోవాలి. మొదటి మూడు 3తో. మొదటి నాలుగు 4తో. అట్లా తొమ్మిది అంకెలూ 9తో పోయేదాకా. అట్లాంటి నంబర్లు ఎన్ని ఉన్నాయి? ఎవరూ చేయలేదు. అందరూ ఫేర్‌వెల్ ఫోటోలకు పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను.

ఒట్టు పెట్టుకోకూడదని పాస్టర్ గారు చెప్తారు. అయినా పెట్టుకున్నాను. ఆ నంబర్ దొరికితే పరీక్ష రాస్తాను. దొరకకపోతే పేపర్ కటింగ్ పొయ్యిలోకి. ఇంట్లో చేయకూడదు, ఫోన్‌లో చూడకూడదు. లైన్ మీద, తలలోనే చేయాలి. లోపలికి ఎట్లాగూ పేపరూ పెన్నూ రానివ్వరు. ఫోన్లు లాకర్లో పెట్టించి, గేటు దగ్గర సెక్యూరిటీ నాగవేణక్క ఒళ్ళంతా తడిమి పంపుతుంది.

జూలై 8

5 ఐదో చోటే. సున్నా లేదు కాబట్టి. ఇది లెక్క కూడా కాదు.

జూలై 10. సాయంత్రం

మొత్తం 3,62,880 నంబర్లు చేయొచ్చు. ఒక్కోటీ చెక్ చేస్తూ పోతే? మా లైన్ షిఫ్ట్‌కు తొమ్మిది వందల పీసులు చేస్తుంది. అంటే నాలుగు వందల షిఫ్టులు దాటుతుంది. అయ్యే పని కాదు. గంపల్లెక్కన రిజెక్ట్ చేయాలి.

అప్పుడు తట్టింది. మా లైన్‌లో స్టేషన్లు తొమ్మిది! ఒకటో స్టేషన్‌లో లేబుల్ అంటిస్తారు, తొమ్మిదో దాంట్లో ప్యాకింగ్, మధ్యలో ఒక్కో చోట ఒక్కో చెకింగ్. ఈ నంబర్ కూడా అంతే. ఒక్కో స్టేషన్‌లో ఒక్కో అంకె బిగిస్తారు, అక్కడే చెక్ చేస్తారు. తేడా ఉంటే ముందుకు పోదు. 123456789 చూడటానికి ఎంత బుద్ధిమంతురాలు! నాలుగో స్టేషన్‌లోనే పోయింది. 1234 నాలుగుతో పోదు.

నా స్టేషన్ ఏడు. బోర్డును ఫిక్స్చర్‌లో పెట్టి మూత దించితే గ్రీన్ అన్నా వెలుగుతుంది, రెడ్ అన్నా వెలుగుతుంది. రెడ్ అయితే ఇంకోసారి పెట్టాలి. మళ్ళీ రెడ్ అయితే ఎర్ర మార్కర్‌తో గుర్తు పెట్టి, కారణం రాసి, రీవర్క్ ట్రేలో వేయాలి. వాళ్ళు బాగు చేసి తిరిగి నా దగ్గరికే పంపుతారు. ముప్పై సెకన్లకు ఒకటి. చేతులు వాటి పని అవి చేసుకుంటాయి. తల నాది.

రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది చోట్ల సరి అంకెలే రావాలి. మిగతా చోట్ల బేసి. ఒక్క దెబ్బకు లక్షల నంబర్లు ట్రేలో పడ్డాయి. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

జూలై 14

బస్సులో నా పక్క సీటు మునిలక్ష్మి, ఏమ్మే, పెదాలు కదుపుతా ఉండావు, ఈడ కూడా ప్రార్థనేనా అంది. అవునన్నాను. నాకోసం కూడా సెయ్యి, మోకాళ్ళు నొప్పి అంది.

నాలుగో చోట 2 గాని 6 గాని రావాలి. మూడో అంకె బేసి కాబట్టి. 12, 16, 32, 36, 72, 76, 92, 96. నాలుగుతో పోయేవి ఇవే.

జూలై 16

ఈ రోజు మంట మీద ఉన్నాను. యంత్రం ముందు నవ్వుతున్నానని మా లైన్ లీడర్ దయానంద్ అందరి ముందూ అరిచాడు. ఈయన మా చర్చిలో ఆదివారం గిటార్ వాయిస్తాడు, సోమవారం నుంచి మమ్మల్ని వాయిస్తాడు. మధ్యాహ్నం హెచ్.ఆర్. రూపశ్రీ మేడమ్ వచ్చి అరగంట మోటివేషన్ ఇచ్చింది. ఆమెకు జడకంటే మాట పొడుగు. కంపెనీ మన కుటుంబమట. ఏ కుటుంబంలో బాత్రూమ్‌కు పోతే స్లిప్పు రాయిస్తారో అడగాల్సింది.

జూలై 22

ఎనిమిదో చోటు కూడా 2 గాని 6 గాని. అంటే 4, 8 రెండూ రెండో చోటికీ ఆరో చోటికీ పోవాలి. మొదటి మూడూ కలిపితే 3తో పోవాలి, మధ్య మూడూ కలిపినా 3తో పోవాలి. మధ్యలో 5 ఎట్లాగూ ఉంది. కాబట్టి మధ్య భాగం 258 లేదా 654. ఇంకోటి లేదు!

ఈ సంతోషం ఎవరికి చెప్పను. బస్సులో మునిలక్ష్మికి జామకాయ కొనిచ్చాను.

జూలై 27. ఆదివారం

ఇంట్లో చేయకూడదని రూలు పెట్టుకున్నది నేనే. ప్రసంగంలో పాస్టర్ గారు ఏడు సంఘాలు అన్నప్పుడల్లా మనసు ఏడో స్టేషన్‌కు పోతోంది. ఫీజు కడతావా అమ్మణ్ణీ అని నాయన మెల్లిగా అడిగాడు. చూస్తానన్నాను.

జూలై 31

పది మిగిలాయి. మూడు లక్షల అరవై రెండు వేల చిల్లరలో, ఎనిమిదో చెకింగ్ కూడా ముందే చేసేస్తే, పదంటే పదే ఏడు తప్ప మిగతా స్టేషన్లన్నీ దాటాయి. వాటిలో 987654321 కూడా ఉంది, పెళ్ళికూతురులా ముస్తాబై. అన్నీ ఏడు ముందు క్యూ కట్టాయి. ఏడో స్టేషన్ నేనే. రేపు చూసుకుందాం.

ఆగస్టు 1. శుక్రవారం. రాత్రి అన్నం తినలేదు

దొరికింది. దొరికిన పది నిమిషాలకు దొంగనయ్యాను.

వరుసగా రాస్తాను. రెండుంపావు నుంచి ఒక్కోదాన్నీ ఏడుతో భాగిస్తూ వచ్చాను. 1472589, శేషం ఆరు. 7412589, శేషం రెండు. పెళ్ళికూతురు 9876543, శేషం ఐదు. పాపం అనిపించింది. ఒక్కోటీ పోతూ ఉంటే భయం పట్టుకుంది, ఒక్కటి కూడా లేదేమో, లెక్కే వట్టిదేమో. అప్పుడు 3816547. ఏడుతో 545221. శేషం లేదు. ఎనిమిదో అంకె 2, తొమ్మిదో అంకె 9. ఏమీ మిగలకుండా పోయింది. మిగతావి కూడా తోసి చూశాను, అన్నీ రెడ్. ఒకే ఒక్కటి.

381654729.

ముప్పై ఎనిమిది కోట్ల పదహారు లక్షల యాభై నాలుగు వేల ఏడు వందల ఇరవై తొమ్మిది. నాకు ఏడుపొచ్చింది. షిఫ్ట్ అయ్యేలోపు మరిచిపోతానేమోనని పిచ్చి భయం. చేతిలో రిజెక్ట్ మార్కర్ తప్ప ఇంకేం లేదు. మణికట్టుకు కట్టే రిస్ట్ స్ట్రాప్ పైకి జరిపి, ముంజేతి మీద తొమ్మిదంకెలూ రాసి, పైన వేసుకునే స్మాక్ కోటు చేయి కిందికి లాగాను.

గేటు దగ్గర నాగవేణక్క చేయి తడిమింది. స్మాక్ ఎత్తింది. ఏమ్మే ఇది, యాడిదీ నంబరు అంది. నాది అన్నాను. నీదంటే ఏంది, పీసు నంబరు గదా ఇది అని విజిల్ వేసింది.

ఆ మాట విన్నాకే నాకు వెలిగింది. మా చార్జర్లకు కూడా తొమ్మిదంకెల సీరియల్ నంబరే. మొదటి 38 మా లైన్ కోడ్. మిగతా ఏడూ వరుస నంబర్. ఈ రోజు లైన్ 38 1631 వేల దగ్గర ఉంది. నా చేతి మీద ఉన్నది 38 1654 వేలది. ఇంకో ఇరవై మూడు వేల పీసుల తరువాత రావాల్సిన నంబర్.

జూన్‌లో చెన్నైలో మా నంబర్లతో నకిలీ చార్జర్లు దొరికాయి. అప్పటి నుంచి అందరి మీదా కన్ను. ఇంకా పుట్టని పీసు నంబర్ నీ సేతి మీదకు ఎట్లా వచ్చినాది గ్రేసీ అని దయానంద్ అడిగాడు. లెక్క చేస్తే వచ్చిందన్నాను. ఏం లెక్క అన్నాడు. నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆన్సర్ చేతి మీద ఉంది, నోట్లో మాట లేదు. మళ్ళీ అదే క్లాస్‌రూమ్.

నా చేతిని మూడు వైపుల నుంచి ఫోటోలు తీశారు.

ఆగస్టు 2

సస్పెన్షన్ లెటర్ వచ్చింది. 9వ తేదీ ఎంక్వయిరీ. గోప్యమైన ఉత్పత్తి సమాచారం బయటికి చేరవేసే ప్రయత్నం అని రాశారు. తేలికగా చెప్పాలంటే దొంగ. అమ్మ రెండుసార్లు చదివించుకుని, మన ఇంట్లో ఎవురూ ఇంతవరకు ఒకరి ఉప్పుగల్లు తీసినోళ్ళు కాదే అని ఏడ్చింది.

ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. శ్రీ సిటీలో కంపెనీలకేం తక్కువ. కానీ దొంగ అని రాసి పంపితే ఏ గేటూ తెరవరు. అంతకంటే ముందు, ఆ నంబర్ నాది. ఇరవై ఆరు రోజులు తలలో మోసి కనుక్కున్నాను. ఎవరో ఇచ్చారంటే ఒప్పుకోను. చచ్చినా ఒప్పుకోను.

ఆగస్టు 3. ఆదివారం

కొబ్బరినూనె, కిరోసిన్, నిమ్మచెక్క, ఇటుకపొడి. మార్కర్ పోవడం లేదు. పొడుగు చేతుల జాకెట్ వేసుకుని చర్చికి పోయాను. దయానంద్ గిటార్ వైపే చూస్తూ వాయించాడు, నా వైపు చూడలేదు.

ఆగస్టు 5. మంగళవారం

పొద్దున నుంచి తెల్ల కాగితాలు ముందర పెట్టుకుని కూర్చున్నాను. 381654729 అని రాస్తాను. కింద గీత గీస్తాను. దీనికంటే ముందేం రాయాలి? నాకు తెలుసు, నాకు కనిపిస్తోంది, అది చాలదా? నాలుగు కాగితాలు ఉండ చుట్టి పారేశాను. ఐదోదాని మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ పరీక్షలో మూడుసార్లూ ఇట్లాగే కూర్చున్నాను.

నాయన సెంట్రింగ్ మేస్త్రీ, స్లాబ్ పోసే ముందు దాని కింద పలకలు, జాకీలు నిలబెట్టే పని. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని, ఆ ఉండలన్నీ ఏరి గోడవారగా పెట్టాడు. మా నాయన ఎల్లప్పకు చదువు నాలుగో తరగతి దాకానే. ఏం జరుగుతా ఉండాదో చెప్పమన్నాడు, చెప్పాను. బీడీ వెలిగించకుండా చేతిలో పట్టుకునే అన్నాడు. స్లాబ్ గట్టిపడినాక సెంట్రింగ్ మేమూ పీకేస్తామమ్మణ్ణీ, అది నిజమే. కానీ ఇంజనీరు వచ్చి కమ్మీ, జాకీ అంతా సూసినాకనే పోస్తాం. నువ్వు ఎవురూ సూడకముందే సెంట్రింగ్ పీకేసి, వట్టి స్లాబ్ సూపిస్తా ఉండావు. దాని కింద ఎవురు నిలబడతారు సెప్పు?

నాకు కోపం వచ్చింది. కోపం ఎందుకొచ్చిందంటే అది నిజం కాబట్టి. ధనశేఖర్ సార్ ఆ రోజు ఎగతాళి చేసింది తప్పే. అడిగింది మాత్రం తప్పు కాదు. ఆరేళ్ళు ఆ రెండింటినీ ఒక్కటిగా కట్టి మోశాను.

ఆగస్టు 6

ఆ డైరీ సూపిస్తే సాలు గదా, తేదీలతో రాసినావు అంది అమ్మ. మంచి మాటే. ఇచ్చేద్దామనే తీశాను. జూలై 16 పేజీ కనిపించింది. దయానంద్ గిటార్, రూపశ్రీ మేడమ్ జడ. ఇవ్వను. స్టెప్స్ రాయడమే నయం.

ఆగస్టు 8. మధ్యాహ్నం

నాయన ఈ రోజు పనికి పోలేదు. నేను ఒక్కో స్టేషన్ చదవడం, ఆయన ఆపడం. ఆపిన చోటల్లా ఒక లైన్ ఎక్కువ రాస్తున్నాను. ఎనిమిదో స్టేషన్‌లో ఆపాడు. ఇంత పెద్ద నంబర్‌లో ఆఖరి రెండు అంకెలే సూస్తే సాలు అంటావే, అదెట్లా? అది నాకు గాలి పీల్చినంత మామూలు. చెప్పాల్సి వస్తుందనుకోలేదు. వేలు ఎన్నున్నా 8తో పోతుంది నాయనా. ఆరో అంకె సరి కాబట్టి వందలు రెండు వందలో, నాలుగు వందలో, ఆరో, ఎనిమిదో ఉంటాయి. రెండు వందలు 8తో పోతుంది, కాబట్టి అవన్నీ పోతాయి. ఇంక మిగిలింది ఆఖరి రెండే. ఓ అని తలూపాడు. ఆ లైన్ రాశాను. చదువుకుంటే బాగుంది! నా లెక్క నాకే ఇంకొంచెం బాగా అర్థమైంది.

నాలుగు పేజీలయింది. జాకీ ఒక్కటి కూడా పీకలేదు.

ఆగస్టు 9. శనివారం. సాయంత్రం 5.00

ఏసీ గది. బల్లకు అటువైపు రూపశ్రీ మేడమ్, పక్కన దయానంద్. మేడమ్ నా కాగితాలు చూడకుండానే, ఈ నంబర్ ఫోన్‌లో ఎక్కడైనా దొరికి ఉంటుంది కదా అంది. దొరికి ఉంటుంది మేడమ్ అన్నాను. నేనేం దాన్ని పుట్టించలేదు, కనుక్కున్నాను. మీరు 1 నుంచి 9 అంకెలతో ఏ నంబరైనా చెప్పండి, అది ఏ స్టేషన్‌లో ఎందుకు ఆగుతుందో నోటితో చెప్తాను.

మేడమ్ విసుగ్గా 123456789 అంది. నాలుగో స్టేషన్ అన్నాను. చివర 34 ఉంది, నాలుగుతో పోదు. దయానంద్ ఫోన్‌లో కొట్టి చూసి తలూపాడు. మేడమ్ ఈసారి కొంచెం ఆలోచించి 987654321 అంది. రెండు దాటుతుందన్నాను. మూడు దాటుతుంది. నాలుగు, ఐదు. మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆరు కూడా దాటుతుంది. అయితే ఇది కూడా వస్తుంది కదా అని గట్టిగా అనేసింది, గెలిచినట్టు. ఏడో స్టేషన్‌లో పోతుంది మేడమ్, శేషం ఐదు. దయానంద్ కొట్టాడు. ఐదే. మేడమ్ ముఖం నిజంగా చిన్నబోయింది. ఆమె మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది.

అప్పుడు కాగితాలు తిప్పాను. ఒక్కో లైన్ వేలు పెట్టి చదివాను. ఎక్కడా దూకలేదు. ఐదు ఎందుకు ఐదో చోటే. సరి అంకెలు ఎక్కడ. 258 ఎందుకు, 654 ఎందుకు, ఇంకోటి ఎందుకు కాదు. పది నంబర్లు, పది శేషాలు. తొమ్మిదో స్టేషన్ ఎవరినీ ఆపదని చెప్పాను. ఎట్లా తిప్పి రాసినా అంకెల మొత్తం 45 వస్తుంది, అది 9తో పోతుంది, మన ప్యాకింగ్ లాగే. దయానంద్ పకపకా నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు.

మేడమ్ ఒక ప్రశ్న అడిగింది. సీరియల్ కూడా 38తోనే మొదలవుతుంది, ఇది కూడా 38తోనే, ఇదెట్లా? దానికి స్టెప్స్ లేవు మేడమ్, అది నా ఖర్మ అన్నాను.

బయట ముప్పై నిమిషాలు కూర్చోబెట్టారు. తరువాత లెటర్ ఇచ్చారు. ఆరోపణ నిరూపణ కాలేదు. 12 నుంచి డ్యూటీ. అయితే కంపెనీ మార్కర్‌ను సొంత శరీరం మీద వాడినందుకు వార్నింగ్! సంతకం పెట్టాను. ఆ మాట నిజమే కదా.

గేటు దగ్గర నాగవేణక్క తడిమి, నా డ్యూటీ నేను సేసినాను గ్రేసీ, మనసులో పెట్టుకోబాకు అంది. పెట్టుకోలేదు. దయానంద్ బస్సు దాకా వెంట వచ్చాడు. ఆ రోజే నీ పక్క ఒక మాట సెప్పాల్సింది, సెప్పలేదు అన్నాడు. అవును, చెప్పాల్సింది అన్నాను. ఊరికే పోనియ్యలేదు. కానీ అతను వచ్చి ఆ మాట అన్నందుకు బస్సులో నాకు నిద్ర పట్టింది.

ఆగస్టు 12

మళ్ళీ ఏడో స్టేషన్. టీ టైమ్‌లో నలుగురు చుట్టూ చేరి ఏదీ ఆ నంబర్ అని నా చేయి చూశారు. మార్కర్ గులాబీ రంగుకు దిగింది.

నాయన ఫీజు మాట అడిగాడు. చూస్తానన్నాను. నంబర్ దొరికింది కదా, ఒట్టు ప్రకారం కట్టాలి. కానీ భయంగా ఉంది, రాసుకుంటే తప్పేంటి. ఎంక్వయిరీలో నాకు తెలిసిన నంబర్, నాయన కూర్చుని ఒక్కో లైన్ ఆపి అడిగాడు. పరీక్షలో వాళ్ళ లెక్కలు, మూడు గంటలు, పక్కన ఎవరూ ఉండరు. నాలుగోసారి కూడా పోతే?

ఆగస్టు 16. శనివారం

ఆడికృత్తిక. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి గుడికి కావళ్ళు పోతున్నాయి, పుత్తూరు దగ్గర బస్సు గంట ఆగింది. మునిలక్ష్మి కిటికీలోంచి దండం పెట్టి, నీ నంబర్ ఎప్పుడొస్తాదిమే లైన్ మీదికి అని అడిగింది. బస్సు మొత్తానికి ఇదే మాట ఇప్పుడు. సోమవారం గాని మంగళవారం గాని అన్నాను.

ఆగస్టు 18. సాయంత్రం

నా షిఫ్ట్ అయ్యేసరికి 38 1653850. ఇంకా 879 పీసులు. రెండో షిఫ్ట్ వాళ్ళు రోజూలాగా తొమ్మిది వందలు చేస్తే అది వాళ్ళకే వస్తుంది, నేను చూడను. ఇరవై రెండు తక్కువ చేస్తేనే నాకు. వాళ్ళ కన్వేయర్ కాసేపు ఆగాలని ప్రార్థన చేశాను. తప్పే. అయినా చేశాను.

ఎల్లుండి ఆఖరు తేదీ.

ఆగస్టు 19. మంగళవారం

రెండో షిఫ్ట్ ముప్పై ఒకటి తక్కువ. పొద్దున పదో పీసు.

381654729.

మూత దించాను. రెడ్.

మళ్ళీ పెట్టాను. రెడ్.

లైన్ అంతా నా వైపు చూస్తోంది. మార్కర్ తీసి గుర్తు పెట్టాను. కారణం రాశాను, ఒక్క ముక్క కూడా వదలకుండా. తప్పు బోర్డులో ఉంది, నంబర్‌లో ఏ తప్పూ లేదు. రీవర్క్ ట్రేలో పెట్టాను. బాగు చేసి మళ్ళీ నా దగ్గరికే పంపుతారు.

సాయంత్రం బస్సు దిగి, నేరుగా పోయి ఫీజు కట్టాను.